మోకాలెత్తు మల్బరీ

ఆదివారం, జనగామ

అన్న మీద కోపం ఇంకా తగ్గలేదు. గూడూరులో పట్టుపురుగులు పెంచే మనిషి, పొద్దున నన్ను చూడడానికి వచ్చాడు. "చెల్లె, గొడ్డలి ఉన్నదా?" అంటే, నీళ్లపొయ్యికి కట్టెలు కొడతాడేమో అనుకుని ఇచ్చాను. నేను అన్నం వండి పెరట్లోకి వచ్చేసరికి, మూడేళ్లు పెంచిన మల్బరీ చెట్టు మోకాలెత్తు మోడై ఉంది. ఎర్రబడుతున్న కాయలన్నీ కొమ్మలతో సహా మట్టిలో పడున్నాయి.

"ఏందన్నా గిది?" అని అరిచాను.

"మా తోటల గిట్లనే కొడతం. ఆకు మంచిగొస్తది," అన్నాడు, పురుగుల కోసం ఆకు మూట కట్టుకుంటూ.

"నాకు ఆకెందుకు? పండ్ల కోసం, పిట్టల కోసం పెట్టుకున్న!"

"పరేషాన్ గాకు. పిట్టగూడు పడెయ్యలే, గోడ మీద పెట్టిన."

ఎంత జాగ్రత్త! గూట్లో రెండు గుడ్లు. అయినా అన్నం పెట్టాను. అడిగి మరీ రెండోసారి వేయించుకుని తిన్నాడు.

సాయంత్రం పికిలిపిట్ట వచ్చింది. గోడ వైపు చూడనే లేదు. కొమ్మ ఉండాల్సిన చోట, గాలిలో, చీకటి పడేదాకా తిరిగింది.

ఎందుకని అడగకుండా గొడ్డలి ఇచ్చింది నేనే.