నలభై ఏడో బ్యాచ్ తాళ్ళు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని నీ ఉత్తరం చెబుతోంది గానీ, నీ ఉత్తరాలు ఎప్పుడూ అదే చెబుతాయి. కాలికి కట్టుతో మంచం మీద ఉన్నప్పుడు కూడా అదే చెప్పాయి. అందుకని సగమే నమ్ముతున్నాను.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మనం ఉండేది మూడో అంతస్తులో. "ఎక్కొద్దన్నాడు గానీ దిగొద్దనలేదుగా" అని రోజూ సాయంత్రం కిందికి దిగుతుంది. దిగి, వీధి వైపు ఉన్న టైలరు కొట్లో కుర్చీ వేయించుకుని నేను వచ్చేదాకా లోకం సంగతులన్నీ మాట్లాడుతుంది. పైకి ఎక్కించే పని నాది. నేను మేనేజరుతో గొడవ పడ్డానని నీకు రాసింది కూడా ఆవిడే. కడుపులో మాట దాచుకోవడం ఆవిడ వల్ల ఎప్పుడైంది గనక.

"అక్కా, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఎలా? ఒక్క సంతకం పడేస్తే పోయేది కదా" అని రాశావు. నాయనా, కుందేటి కాళ్ళు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. నాలుగుంటే నాలుగని రాస్తాను, మూడుంటే మూడని రాస్తాను. సంతకం దాని కింద పెడతాను.

ఇంకో మాట కూడా అడిగావు. మీ వంతెన క్యాంపు స్టోరు వాళ్ళు నీ ఒక్కడి కొత్త తాడే ఎందుకు మార్చారని, ఎవరో ఆడమనిషి ఫోన్ చేసిందంటున్నారని. దానికి జవాబు నా దగ్గరుంది. కాస్త ఓపిక పట్టు. అది ముందే రాస్తే మిగతాది రాయడానికి చెయ్యి ఆడదు.

పాతిక తాళ్ళు చూసి ఆరువందల తాళ్ళ సంగతి ఎలా చెప్తావని అడిగావు చూడు, అది మంచి ప్రశ్న. మా పరీక్ష గదిలో తాడును రెండు వైపులా ఇనుప దవడల్లో బిగించి, తెగేదాకా లాగుతాం. మీటరు ముల్లు పైకి పాకుతుంది, తాడు మూలుగుతుంది, తర్వాత ఫట్‌మని తెగుతుంది. మొదటి వారం ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు టీ తాగుతూనే అంకె రాసుకుంటాను. అన్నిటినీ ఇలా తెంపితే అమ్మడానికి ఏమీ మిగలదు కాబట్టి, ఏ మూల నుంచీ ఏరి తీసినట్టు కాకుండా, చీట్లు వేసి పాతిక తీస్తాం. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలదా అన్నావు. ఒకే కుండలో ఒకే మంట మీద ఉడికిన మెతుకులకి ఆ మాట చెల్లుతుంది. తాళ్ళు అలా కాదు. ఒకటి రెండువేల మూడొందల కిలోల దగ్గర తెగితే, దాని పక్కది రెండువేలకే తెగుతుంది. పాతికకీ సగటు కడితే కొంత నిలకడ వస్తుంది. ఆ సగటు కూడా అదృష్టాన్ని బట్టి కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఎంత ఊగితే మామూలు, ఎంత ఊగితే అనుమానించాలి అన్నదే నా పనంతా.

నువ్వు బడి ఎగ్గొట్టి కాలవలో ఈత కొట్టి వచ్చినప్పుడు అమ్మ ఏం చేసేదో గుర్తుందా? తిట్టేది కాదు. "సరే, నీ మాటే నిజమనుకుందాం. నువ్వు బడికే వెళ్ళావు. మరి ఈ జుట్టు ఎందుకు తడిసింది?" అనేది. ఎండాకాలం, వాన లేదు, బడిలో నీళ్ళ కుళాయి కూడా లేదు. నీ మాట నిజమైతే జుట్టు తడిసే అవకాశం ఎంత? పుస్తకాల్లో ఆ "నీ మాటే నిజమనుకుందాం"కి శూన్య పరికల్పన అని పేరు పెట్టారు. అమ్మకి ఆ పేరు తెలియదు, విద్య మాత్రం తెలుసు.

మా కంపెనీ మాట ఏమిటంటే, తాళ్ళు సగటున రెండువేల రెండువందల కిలోలు మోస్తాయని. సరే, నిజమనుకుందాం. యాభై రెండో బ్యాచ్‌లో పాతిక తెంపితే సగటు రెండువేల నూట యాభై రెండు వచ్చింది. కంపెనీ మాటే నిజమైతే, పాతిక తాళ్ళ సగటు ఇంత కిందికి దిగడం నూటికి ఒకటింపావు సార్లు జరుగుతుంది. నూటికి అయిదుకన్నా అరుదైనది కనిపిస్తే మాట నమ్మకూడదని పరీక్ష గది గోడ మీద ముందే రాసి అంటించుకున్నాం. దాని కింద మేనేజరు సంతకం కూడా ఉంది. తాళ్ళ చివర బిగించే కొక్కేలదీ అదే కథ. నూటికి రెండుకి మించి వదులుగా ఉండవని మాట. రెండువందలు చూస్తే నాలుగు ఉండాలి, తొమ్మిది ఉన్నాయి. నేను "పాస్ కాలేదు" అని రాశాను.

మేనేజరు కాగితం చదివి కళ్ళజోడు తీశాడు.

"నూటికి అయిదెందుకమ్మా, నూటికి ఒకటని పెట్టుకో. అప్పుడు తాళ్ళు పాసైపోతాయి కదా."

"పరీక్ష రాశాక పాసు మార్కులు తగ్గిస్తారా సార్?"

"అయితే తాళ్ళు చెడ్డవని రుజువు చేశావా?"

"లేదు సార్. మంచివన్న మాట నిలబడలేదు. అంతవరకే చెప్పగలను."

"యంత్రం పట్టు సరిగ్గా లేదేమో. ఇంకో పాతిక తెంపి చూడు."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు యంత్రం మీద పడ్డాడు. తెంపనన్నాను. పాసయ్యేదాకా తెంపుతూ పోతే ఏ బ్యాచ్ అయినా ఎప్పుడో ఒకసారి పాసవుతుంది. సోమవారం లోపు "నా పరీక్షలో పొరపాటు జరిగింది, క్షమించండి" అని రాసి ఇవ్వాలట. లేకపోతే వేరే చోట పని చూసుకోవాలట.

రాయను. నువ్వు చెప్పినా రాయను, అమ్మ చెప్పినా రాయను. నా తీర్పు తప్పు కావచ్చు, కాదనను. మంచి బ్యాచ్‌లని కూడా నూటికి అయిదుసార్లు నేను ఆపేస్తాను. అది తెలిసే ఆ గీత గీసుకున్నాం. కానీ అనుమానించి ఆపిన మంచి తాడు గోదాములో పడి ఉంటుంది, అంతే. నమ్మి వదిలిన చెడ్డ తాడును నడుముకి కట్టుకుని, నీలాంటివాడొకడు వంతెన కింద వేలాడుతూ తుప్పు గీకుతాడు. ఈ రెండు తప్పులూ ఒకటేనని నాకెవరూ నేర్పలేరు.

ఇక నీకు బాకీ ఉన్న జవాబు.

తెంపనన్నప్పుడు మేనేజరు నవ్వాడు. "నలభై ఏడో బ్యాచ్‌కి నువ్వే రెండోసారి తెంపావుగా. అప్పుడు లేని నీతి ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది? ఆ మొదటి కాగితం నా బీరువాలోనే ఉంది" అన్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి తనంతట తానే పైట సర్దుకుంది.

ఆయన అన్నది నిజం. నాలుగు నెలల కిందట నలభై ఏడో బ్యాచ్‌లో మొదటి పాతిక సగటు రెండువేల నూట యాభై ఎనిమిది. పాస్ కాలేదు. నన్ను ఇన్‌చార్జిని చేసే వారం అది. ఎవరూ అడగలేదు, ఎవరూ బెదిరించలేదు. యంత్రం పట్టు వదులైందని నాకు నేనే చెప్పుకుని, ఇంకో పాతిక తెంపాను. ఈసారి రెండువేల నూట ఎనభై తొమ్మిది వచ్చింది. అంత మాత్రం దిగడం మామూలే, పాస్. రెండో కాగితం మీద సంతకం పెట్టాను. మొదటిది పక్కన పడేశాను. యాభైనీ కలిపి చూస్తే ఆ బ్యాచ్ అప్పుడూ పాస్ కాదు. ఆ లెక్క కూడా అదే రోజు కట్టాను. కట్టి చింపేశాను.

తర్వాత నీ కిందటి ఉత్తరం వచ్చింది. మా ఫ్యాక్టరీ తాడే దొరికిందని, చీటీ మీద నలభై ఏడని ఉందని, అక్క చూసి పంపిన తాడని అందరికీ చూపించానని రాశావు. మీ లోయలో సిగ్నల్ లేదు కదా, స్టోరు గది నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. మా తమ్ముడి తాడు పొడుగు తక్కువ వచ్చింది, మార్చండి అని అబద్ధం చెప్పాను. స్టోరు చూసే ఆయన మంచివాడు, మార్చాడు. ఫోన్ పెట్టేశాక ప్రాణం హాయిగా అనిపించింది. అదిరా నా నేరం. సంతకం పెట్టినదానికన్నా ఆ హాయి పెద్ద నేరం. మీ క్యాంపులోనే అదే బ్యాచ్ తాళ్ళు ఇంకా ఇరవై ఉన్నాయి. మొత్తం ఆరువందల పైచిలుకు, ఏడు చోట్లకి వెళ్ళాయి. అది తెలిసీ పదహారు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను.

బీరువాలో కాగితం ఉందంటే నేను వణికిపోతాననుకున్నాడు మేనేజరు. వణికాను, ఒక్కరోజు. నిండా మునిగినవాడికి చలేమిటి? సోమవారం క్షమాపణకి బదులు నలభై ఏడో బ్యాచ్ యాభై అంకెలూ రాసి, యజమాని బల్ల మీద పెడుతున్నాను. అవే మీ క్యాంపు కాక మిగతా ఆరు చోట్లకీ ఇవాళే పంపేశాను. ఉద్యోగం పోతుంది. పోనీ. అమ్మకి చెప్పాను. "ఏదోలే, ఇక రోజూ తొందరగానే నన్ను పైకి ఎక్కిస్తావు" అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

ఇవాళ పొద్దున మీ స్టోరుకి మళ్ళీ ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను, మిగతా తాళ్ళన్నీ దింపమన్నాను. "అమ్మా, నోటిమాట మీద ఇరవై మందిని పని ఆపితే ముందు నన్ను ఆపుతారు. సంతకంతో కాగితం ఉండాలి" అన్నాడు. న్యాయంగానే అడిగాడు. ఇదే ఆ కాగితం. అటు వస్తున్న సిమెంటు లారీ డ్రైవరు చేతికిస్తున్నాను, రేపటికల్లా నీకు అందుతుంది.

అక్క పరువు చూసుకుని ఈ పేజీలు దాచిపెట్టకు. నేరుగా స్టోరు ఆయన చేతిలో పెట్టు, నీ తోటివాళ్ళకి గట్టిగా చదివి వినిపించు. చూద్దాంలే, సాయంత్రం దాకా పని కానివ్వండి అని ఎవరైనా అంటే, నువ్వు వంతెన మీదే కూర్చో, ఎవర్నీ కిందికి వేలాడనివ్వకు. ముందు మనుషుల్ని పైకి లాగండి. తాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
నీ అక్క,
నలభై ఏడో బ్యాచ్‌ను పాస్ చేసిన పరీక్ష గది ఇన్‌చార్జి