నూనె పోసిన కొండకర్రలు

కోడలు పిల్లకు అత్తయ్య ఆశీస్సులు.

ఫోన్లో అయితే నా మాట సగంలోనే అందుకుంటావు కనుక ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పంపిన, గొట్టాలు లాగి పొడవు పెంచుకునే కొండెక్కే కర్రల జత అందింది. మీ అమ్మకూ అలాంటిదే పంపావట, సంతోషం. కానీ నావి బరువు మోపగానే గొట్టంలోకి గొట్టం దూరిపోయి జానెడైపోతున్నాయి. మంచివి పుట్టింటికీ, మిగిలినవి అత్తింటికీనా? వచ్చే నెల మొదటి ఆదివారం మా నడక సంఘం కొండెక్కుతోంది, మీ అమ్మా వస్తోంది. మీ అమ్మకంటే ముందు పైకి చేరకపోతే నేను వీధిలో తలెత్తుకోలేను.

నీ అత్తయ్య

తా.క.: జీవితమంతా కుట్టుమిషన్ తొక్కినదాన్ని, నాకు తెలియదా? కర్రలు రాగానే గొట్టాలన్నిటికీ మిషన్ నూనె దండిగా పోశాను. మీ అమ్మనీ పొయ్యమన్నాను. నా మనసు అలాంటిది.

అత్తయ్యగారికి నమస్కారాలు.

రెండు జతలూ ఒకే కొట్లో కొన్నానండీ. జారుతున్నది ఆ నూనె వల్లే! గొట్టాలు విడదీసి, సబ్బునీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక బిగించండి. గొట్టం మీద ఒక గీత ఉంటుంది, దాన్ని దాటి బయటికి లాగకండి. కర్ర నేలకానించి పట్టుకుంటే మోచెయ్యి మూలమట్టంలా లంబకోణంలో వంగాలి. దిగేటప్పుడు పొడవు కాస్త పెంచుకోండి.

మీ కోడలు

తా.క.: అమ్మ నా మాట వినడం లేదు. "మీ అత్తగారు మిషన్ తెలిసిన మనిషి, నువ్వూరుకో" అంటోంది. మీరే చెప్పాలి.

కోడలు పిల్లకు,

విడదీశాను, కడిగాను, తుడిచాను, ఆరబెట్టాను. మీ మామయ్యని దాని మీద వాలమన్నాను. ఆయన కుంగారు గానీ కర్ర కుంగలేదు. కర్రలను ఇంత శ్రద్ధగా చూసుకునేవాళ్లు మా సంఘంలో ఇంకొకరు లేరు.

నీ అత్తయ్య

తా.క.: మీ అమ్మకు చెప్పడం కుదరలేదు. ఎదురిల్లే అనుకో, కానీ వీధి దాటాలి కదా.

అత్తయ్యగారూ,

అది వీధే, సముద్రం కాదు! కొండ మీద కర్ర జారితే అమ్మ పడిపోతుంది. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు. వెంటనే చెప్పండి.

మీ కోడలు

తా.క.: మీ అబ్బాయి పక్కన కూర్చుని నవ్వుతున్నారు. నేను నవ్వడం లేదు.

బంగారుతల్లీ,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. కొండ ఆదివారమే ఎక్కేశాం.

సగం దారి దాకా నేనే ముందున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మీ అమ్మ బండ మీద కూలబడి ఉంది, చేతుల్లో జానెడు కర్రలు. "నూనె చాల్లేదేమో వదినగారూ, మీరు చెప్పినట్టే పోశానే" అంది. నా మాటను అంతలా నమ్మిందమ్మా ఆ మనిషి! గబగబా కిందికి దిగి, నా కర్రల్లో ఒకటి ఆవిడ మోచేతికి సరిచేసి, బిగించి ఇచ్చాను. చెరో కర్రతో ఒకరినొకరు పట్టుకుని ఎక్కాం.

ఆఖరి బండ దగ్గర దారి ఇరుకు. మీ అమ్మే ముందు ఎక్కింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేను చిన్నబుచ్చుకున్నాననుకోకు. కొండకొనను మొదట తాకింది ఆవిడ చేతిలో కర్ర. ఆ కర్ర నాది. కాబట్టి గెలిచింది నేనే.

విజయగర్వంతో,
నీ అత్తయ్య

తా.క.: ఆవిడ కర్రలు కూడా నేనే కడిగి ఆరబెట్టాను. నూనె సలహా మొదట నీదేనని చెప్పాను. కన్నతల్లి కదా, నిన్ను క్షమించింది.