విదిలించని మేకపోతు

హరూర్ పోస్టు
3-2-1946

ప్రియమైన చిక్కప్ప బావకు,

మీ ఊరు చేరి వారమైంది. మీ అమ్మ, మా ఓబమ్మత్త, బాగుంది. నేనూ బాగున్నానని అక్కకు చెప్పు. ఎడమ పాదం మీద బర్రె నిలబడిన సంగతి మాత్రం చెప్పకు.

పాలు పితకడానికి దానికి అలవాటు లేని పక్కన కూర్చున్నానట. అది తన్నలేదు. నా కాలి మీద కాలు పెట్టి, నెమరు వేసుకుంటూ నిలబడింది. నేను అరుస్తుంటే అత్త నవ్వుతూ వచ్చి, "ఏరా శివప్పా, ఇంటరు దాకా చదివినావంట, బర్రెను జరగమని చెప్పేదానికి కూడా రాదా?" అంది. జరగమని ఏ భాషలో చెప్పాలో తెలియక మొదట తెలుగులో, తరువాత అరవంలో చెప్పాను. అత్త "హై" అంటే జరిగింది.

మీ పశువుల డాక్టరుగారు అన్న మాట మరిచిపోలేదు. "పుస్తకంలో ఆవు బొమ్మ చూసినవాడికి నేను సిఫారసు రాయను. మే నెల దాకా పల్లెలో పశువుల మధ్య ఉండు. ఏమేమి చేశావో ఊరి మునసబు చేత రాయించి, సంతకం పెట్టించుకుని రా" అన్నారు కదా. అది లేకపోతే మద్రాసు పశువైద్య కాలేజీకి దరఖాస్తు పంపి లాభం లేదు. నాన్న కూడా మే దాకానే గడువు ఇచ్చాడు. తరువాత జవుళి కొట్టులో కూర్చోవాలి. నాకు గుడ్డలు చింపడం కూడా సరిగా రాదని నీకు తెలుసు.

ఇట్లు, కుంటుతున్న
శివప్ప

ధర్మపురి
12-2-1946

ప్రియమైన బామ్మర్దికి,

నీ పాదం సంగతి మీ అక్కకు చెప్పలేదు. ఉత్తరం ఆమే విప్పి చదివింది.

డాక్టరుగారికి కూడా చెప్పాను. కంపౌండరుగా పదేళ్ళ నుంచి ఆయన దగ్గర ఉన్నాను, అంత నవ్వడం చూడలేదు. నవ్వి, నీకు ఒక మాట చెప్పమన్నారు. పశువు నోరు విప్పి నొప్పి చెప్పదు, యజమాని చూసి చెప్పేసరికి ఆలస్యమవుతుంది, కనుక ఎవరూ అడగక ముందే చెవి, డెక్క, పొదుగు తడిమి నువ్వే కనిపెట్టాలట. ఎదురుపడిన ప్రతి పశువునూ అలా చూడు.

మునసబు తిమ్మరాయన్‌తో జాగ్రత్త. మంచివాడే, కాని సంతకం అడిగితే ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తాడు.

నీ బావ
చిక్కప్ప

హరూర్ పోస్టు
28-4-1946

ప్రియమైన బావకు,

నీకు సంతోషం కలిగించే కబురు. అత్త గొర్రెలు ఇరవయ్యారింటికీ డెక్కలు కోశాను. బర్రె ఈనింది. దూడ కాళ్ళు పట్టి లాగింది నేనే. ఇప్పుడు అది నన్ను చూసి తానే జరుగుతుంది.

అసలు సంగతి వేరే ఉంది. మే ఆరున మారెమ్మ పండగ. మునసబు మొక్కుకున్న మేకపోతును కారిమంగళం సంతలో కొని తెచ్చాడు. ఆయన కొట్టం కప్పు విప్పి కొత్త గడ్డి వేయిస్తున్నారని దాన్ని మన కొట్టంలో కట్టారు. పాపం, పగలంతా తల, ఒళ్ళు విదిలిస్తూనే ఉండేది. డాక్టరుగారు చెప్పినట్టు చెవులు తడిమి చూశాను. లోపల పదకొండు పిడుదులు! రక్తం తాగి సెనగగింజల్లా ఉన్నాయి. ఒక్కొక్కటే లాగి, చెవులు కడిగి, పదిరోజులు వేపనూనె వేశాను. ఇప్పుడు విదిలించడం పూర్తిగా మానేసింది. మునిలాగా నిలబడుతుంది.

మునసబుకు ఇంకా చెప్పలేదు. పండగ కాగానే సంతకం పెడతానన్నాడు. ఆనాడు తానే చూసి ఆశ్చర్యపోతాడు.

ఇట్లు, కుంటడం మానిన
శివప్ప

ధర్మపురి
4-5-1946

శివప్పా,

ఎంత పని చేశావురా! ధర్మపురి బజారులో పెరిగినవాడివి, నీకు ఎవరూ చెప్పలేదా? బలి ఇచ్చే ముందు మేక మీద పసుపు నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తేనే మారెమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే మొక్కుకున్న ఇంట్లో ఎవరో తప్పు దాచారని లెక్క. ఆ మునసబు సంతలో ముప్పై మేకలను కాదని దాన్నే ఎందుకు కొన్నాడనుకున్నావు? నీళ్ళు చల్లకముందే విదిలిస్తోందని!

ఈ ఉత్తరం అందగానే పోయి ఆయనతో చెప్పేయి. ఆలస్యం చేయకు.

చిక్కప్ప

హరూర్ పోస్టు
9-5-1946

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం పండగ మరునాడు అందింది.

మేకపోతు మెడలో వేపమండల దండ వేసి గుడి ముందు నిలబెట్టారు. నీళ్ళు చల్లారు. అది దండ తినడం మొదలుపెట్టింది. ఇంకో చెంబు పోశారు. నమిలింది. అప్పుడు నా పక్కనున్నవాళ్ళు గుసగుసలాడుకుంటే నాకు సంగతి అర్థమైంది. నోరు తెరిస్తే సంతకం పోతుంది. జనం వెనక్కి జరిగాను.

పూజారి కన్నప్పన్, "ఇంట్లో ఎవరో ఏదో దాచినారు. చెప్పుకోండి. అందాకా అమ్మ ఒప్పుకోదు" అన్నాడు.

మొదట మునసబు మరదలు పొన్ని ముందుకొచ్చింది. "మీ మునగకాయలు కోసింది కోతులు కాదు బావా, నేనే." చెంబు నీళ్ళు. మేక నమిలింది. తరువాత మునసబు భార్య అంగమ్మాళ్, "అమ్మకు మొక్కిన నెయ్యిలో సగం మా పుట్టింటికి పంపినాను" అంది. మేక నమిలింది.

చివరికి మునసబే భుజం మీది తుండు తీసి నడుముకు చుట్టుకున్నాడు. "వీరా, మన చేల నడుమ గట్టురాయి దానంతట అది జరగలేదురా. నేనే జరిపినాను. బారెడు."

తమ్ముడు వీరన్, "తెలుసన్నా. బారెడు కాదు, రెండు బారలు" అన్నాడు.

"రెండు బారలే" అన్నాడు మునసబు, మేకవైపు చూస్తూ.

మేక దండ మొత్తం తినేసి ఇంకేమైనా ఉందా అని చూసింది. కన్నప్పన్ తల ఆడించి, "ఇంకా ఏందో ఉండాది" అన్నాడు. మునసబు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆయన ఏం చెప్పుకుంటాడోనని భయమేసింది నాకు. ముందుకుపోయి, "దాచింది మీరు కాదు, నేను. దాని చెవులు బాగుచేసినాను" అని పిడుదుల సంగతంతా చెప్పేశాను.

మునసబు మెల్లగా అన్నాడు: "ఈ మాట గట్టురాయికి ముందు చెప్పకూడదారా?"

బలి ఆగిపోయింది. గట్టురాయి మాత్రం ఆ సాయంత్రమే వెనక్కి జరిగింది. వీరన్ నాకు బెల్లం ముద్ద పంపాడు. మునసబు సంతకం పెట్టనన్నాడు. పైగా మేకను తోలుకుని ధర్మపురి వచ్చి, నన్ను ఏ కాలేజీలోనూ చేర్చుకోకుండా డాక్టరుగారికి ఫిర్యాదు ఇస్తాడట. రెండు రోజులుగా రాస్తూనే ఉన్నాడు. నేను పెట్టె సర్దుకున్నాను. జవుళి కొట్టుకు వస్తానని నాన్నకు చెప్పు.

శివప్ప

ధర్మపురి
16-5-1946

ప్రియమైన బామ్మర్దికి,

జవుళి కొట్టు మాట మీ నాన్నతో ఇంకా అనలేదు. ముందు ఇది చదువు.

మునసబు నిన్న వచ్చాడు. ఒక చేతిలో మేక తాడు, ఇంకో చేతిలో నాలుగు పేజీల ఫిర్యాదు. డాక్టరుగారు అందరికీ వినబడేలా చదివారు: "ఈ శివప్ప అనేవాడు జనవరి ఆఖరు నుంచి మా ఊళ్ళో ఉంటూ, ఇరవయ్యారు గొర్రెలకు ఎవరూ అడగకుండానే డెక్కలు కోసినాడు. బర్రెకు పురుడు పోసినాడు. ఎదురొచ్చిన ఎద్దునల్లా నిలబెట్టి నోరు తెరిపించినాడు. చివరకు నా మేకపోతు చెవుల్లో పదకొండు పిడుదులు తీసి, నా అనుమతి లేకుండా పూర్తిగా బాగుచేసినాడు. ఇదంతా నేను కళ్ళారా చూసినది, వాడే గుడి ముందు ఒప్పుకున్నది."

డాక్టరుగారు మేక చెవులు రెండూ దీపం పెట్టి చూశారు. చెంబుడు నీళ్ళు తెమ్మని దాని నెత్తిన పోశారు. కదల్లేదు.

"ఇందులో రాసిందంతా నిజమేనా?" అని అడిగారు.

"మునసబును సామీ, అబద్ధం రాస్తానా?"

"అయితే ప్రతి పేజీ కిందా సంతకం పెట్టండి."

నాలుగు సంతకాలూ కాగితం చిరిగేలా పెట్టాడు, శివప్పా! డాక్టరుగారు ఆ నాలుగు పేజీల మీద తన సిఫారసు ఉత్తరం గుచ్చి, నీ దరఖాస్తు కవరులో పెట్టి నా చేతికిచ్చారు. ఈ ఉదయమే పోస్టు చేశాను. ఇది చాలునని, సీటు సంగతి తాను చూసుకుంటానని ఆయన మాట.

మునసబుకు ఇదేమీ తెలియదు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "వాడికి ఏం శిక్ష వేస్తారు సామీ?" అని అడిగాడు.

"మద్రాసు పంపిస్తాను. నాలుగేళ్ళు బయటికి రాడు" అన్నారు డాక్టరుగారు.

మునసబు మేకవైపు ఒకసారి చూసుకుని, "నాలుగేళ్ళేనా?" అన్నాడు.

నీ బావ
చిక్కప్ప