షేవింగ్ డబ్బాలో రోటర్

ఏమండీ,

ఈ రోజు మీ సంవత్సరీకం. "ఈ అమెరికా కారు నా మాట తప్ప ఎవరి మాటా వినదు" అని ముప్పై ఏళ్ళు చెప్పారు. నమ్మాను.

మీరు పోయాక కొత్త బ్యాటరీ వేయించినా అది కదల్లేదు. నిన్న నారాయణగూడ మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు.

"ఇంజన్ మంచిగనే ఉందమ్మా. రోటర్ ఎవరో తీసిన్రు. గది లేకుంటే స్పార్క్ రాదు."

వేలెడంత ముక్క. మీ షేవింగ్ డబ్బాలో దొరికింది. కారు దిగినప్పుడల్లా తీసి దాచేవారన్నమాట.

నేనే బిగించాను. తాళం తిప్పగానే స్టార్టయింది. మీరు వద్దన్న డ్రైవింగ్ ఈ ఏడాదే నేర్చుకున్నాను. పొద్దున చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ దాకా నడిపాను.

మీ ఫోటోనూ తీసుకెళ్ళాను, దండతో సహా. ఎప్పుడూ నన్ను కూర్చోబెట్టిన వెనక సీట్లోనే పెట్టాను.

అక్కణ్ణుంచి రోడ్డు సరిగా కనిపించదు కదూ?