గద్ద తోక ఈకలు

ముసఫ్ఫా,
2005 మార్చి 12

ఆపాకు సలాం.

పాప నాజ్నీన్ కంటి ఆపరేషన్‌కు ఇప్పుడే తేదీ తీసుకోవద్దని బావకు చెప్పు.

తాత ఓడలో వంట చేసిన రోజుల్లో తెచ్చిన, నువ్వు నాకు పంపిన అమెరికా వెండి డాలర్‌ను పోయిన నెల కరామా బజారులో నాణేల దుకాణం సేఠ్‌కు చూపించాను. గద్ద తోకలో ఏడు ఈకల కింద, పాత అచ్చులోని ఎనిమిది ఈకల కొనలు భూతద్దంలో కనిపిస్తున్నాయని, అలాంటిది అరుదని ఆయన సంబరపడ్డాడు. కొనేవాణ్ని పిలిపిస్తాను, శుక్రవారం తెమ్మన్నాడు.

వెండిని చింతపండుతో తోమకుండా అమ్మ ఎవరి చేతికైనా ఇచ్చేదా? నల్లగా ఎలా తీసుకెళ్లాలనిపించి, మా వర్క్‌షాపులో స్టీలు రెయిలింగులకు మెరుగుపెట్టే చక్రం మీద పట్టాను. పదిహేనేళ్లుగా ఈ అరబ్బు దేశంలో నాకు వచ్చిన పని అదొక్కటే.

సేఠ్ చూసి, "యే క్యా కియా భాయ్? ఖలాస్!" అని భూతద్దం పక్కన పెట్టేశాడు. ఇక వెండి తూకానికే పోతుందట.

ఊరికి వస్తున్న మా గదిలో ఉండే ఫరాజ్‌కిచ్చి డాలర్ పంపుతున్నాను. అద్దంలా నున్నగా ఉంది. నాజ్నీన్ చేతికి మాత్రం ఇవ్వకు. చూపు మందగించాక ఆ ఈకలను వేలితో తడిమి లెక్కపెట్టేదని రాశావు కదా.

నీ తమ్ముడు