అమ్మనడిగి రమ్మన్నారు

పిన్నీ, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. నెలల తరబడి నెలసరి రావడం లేదని చెప్పాను కదా, నేను పనిచేసే కుట్టు హాల్లో ఒక పూట సెలవడిగి హార్మోన్ల పరీక్ష చేయించుకున్నాను. నరం దొరక్క రెండు చేతులూ పొడిచారు. కార్డు మీద ఇవన్నీ రాస్తావా అని తిట్టకు, పోస్ట్‌మ్యాన్ చదివితే చదవనీ. పీసీఓఎస్ అట, అండాశయాల్లో వచ్చే తేడా. మగ హార్మోను కాస్త ఎక్కువుంది, గడ్డం కింద వెంట్రుకలు అందుకేనట. బాబాయి రేజరు అడిగేంత లేదులే. మందులు వాడి, రోజూ నడిస్తే అదుపులో ఉంటుందన్నారు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, "మీ అమ్మగారికీ ఇలాగే ఉండేదా? ఈసారి వచ్చేటప్పుడు అడిగి రండి" అంది. "అలాగేనండీ, అడుగుతాను" అనేశాను. ఎలా అడగాలా అని మాటలు కూర్చుకుంటూ మెట్లు దిగాను. వీధిలోకి వచ్చాకగానీ అమ్మ లేదన్న సంగతి గుర్తు రాలేదు. మందుల షాపు పక్కన నిలబడి ఏడ్చేశాను పిన్నీ. పోయి ఇన్నేళ్ళయినా!

తమ్ముడి దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నా నీలం స్వెట్టరు పంపించు. బాబాయికి నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు.

అమ్మకి నెలసరి సరిగ్గా వచ్చేదా? నేను పుట్టడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టింది? డాక్టరమ్మకి అంతవరకు తెలిస్తే చాలు. నాకు మాత్రం, మీ అక్కచెల్లెళ్ళిద్దరూ కూర్చుని ఏమేం చెప్పుకునేవారో అంతా కావాలి. కార్డు చాలదు, కవరు కొని రాయి.

నీ ఉడత