గాలి లేని రోజు

అల్లుడు రెజాన్‌కి,

నీ ఉత్తరం అందింది. లైసెన్సు తీసుకున్నావట, రోజుకి ఎన్ని బాతులు కొట్టవచ్చో రాసుకున్నావట, సంతోషం. "పోయినేడు నేను ఏ రూలూ తప్పలేదు కదా మామా, మరి మీవాళ్ళెందుకు ముఖం తిప్పుకున్నారు?" అని కూడా అడిగావు. అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది.

గాలి లేని రోజు ఈ జేమ్స్ అఖాతం ఒడ్డున ఎవరూ తుపాకీ పేల్చరు. ఆ నిశ్శబ్దంలో ఒక్క పేలుడు చాలు, అడవి బాతులన్నీ బెదిరి వేరే చోటు చూసుకుంటాయి. పోయినేడు ఆ ఉదయం నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నేను "ఆగవయ్యా" అంటూనే ఉన్నాను, నువ్వు రెంటిని కొట్టి నవ్వావు. తర్వాత వారమంతా పదకొండు గుడారాలవాళ్ళు ఉత్త ఆకాశం చూస్తూ కూర్చున్నారు. "సొంత అల్లుణ్ణి ఆపలేనివాడివి, నువ్వేం వేటపెద్దవయ్యా?" అన్నాడు ముసలి మలాకై. నలభై ఏళ్ళలో అలాంటి మాట పడలేదు నేను.

ఈ కట్టుబాటు నీ లైసెన్సు కాగితంలో లేదంటావా? ఆ కాగితం రాసినవాడు చలికాలమంతా ఇక్కడేం తిని బతికాడు?

ఆ పెద్దరికం వదిలేశాను. నువ్వు రావాలంటే రా, కానీ కొత్త వేటపెద్ద మాట వినాలి. వారం ముందే ఇక్కడికొచ్చిన నీ భార్యనే అందరూ ఎన్నుకున్నారు. అది మొదటి ఆజ్ఞ కూడా వేసేసింది: ఈ ఏడు నువ్వు తుపాకీ ముట్టకుండా మీ అత్త పక్కన కూర్చుని బాతుల ఈకలు పీకాలట.

మీ మామ